జ్వరం తగ్గింది సరే, కీళ్ల సంగతేంటి?

వానాకాలం వచ్చిందంటే వరంగల్‌లో ఏ ఇంట్లో చూసినా ప్లేట్‌లెట్ల ముచ్చటే. ఎన్ని వేలున్నాయి, నిన్నటికంటే పెరిగాయా, బొప్పాయి ఆకు రసం పట్టించారా? కౌంటు లక్ష దాటి ఒళ్లు చల్లబడితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. డిశ్చార్జి కాగితాలు బీరువాలోకి పోతాయి. నా బాధంతా ఆ తర్వాతి రోజుల గురించే. జ్వరం తగ్గాక మొదలయ్యే జబ్బును మనం జబ్బుగానే లెక్కేయడం లేదు.

చికున్‌గున్యానే తీసుకోండి. జ్వరం వారంలోపు పోతుంది. కీళ్ల నొప్పులు కూడా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కొందరికి మాత్రం మూడు నెలలు దాటినా వదలవు, ఏళ్ల తరబడి పీడించేవీ ఉన్నాయి. మా వీధి చివర టిఫిన్ బండి పెట్టే అక్కకు పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. గరిటె పట్టాలంటే ముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చోవాలి. చట్నీ డబ్బా మూత కొడుకు తీసిపెట్టాలి. ఎండెక్కాక కాస్త నయం. ఇట్లా పొద్దుటిపూట అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోతుంటే అది సాధారణంగా అరుగుదల కాదు, లోపల వాపు ఉందని గుర్తు. ఆమెకు మాత్రం అందరూ చెప్పింది ఒకటే: "జ్వరం నీరసమే అక్కా, అదే పోతది."

వైరస్ మీదికి లేచిన రోగనిరోధక శక్తి కొందరిలో జ్వరం పోయాక కూడా శాంతించదు. కీళ్ల పొరలు వాస్తూనే ఉంటాయి. అచ్చం రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం లాగే కనిపించే కేసులున్నాయి. 2006లో దేశంలో 13 లక్షలకు పైగా చికున్‌గున్యా అనుమానిత కేసులు నమోదయ్యాయి, మన ఉమ్మడి రాష్ట్రం బాగా దెబ్బతిన్నది. కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు అనే డాక్టరు ఉంటారని ఇన్నేళ్ల తర్వాత కూడా ఎంతమందికి తెలుసు? ఎముకల డాక్టరు దగ్గరికి పోతారు, లేదంటే సూది వేయించుకుంటారు.

నాకు ఒళ్లు మండేది ఆ సూది దగ్గరే. ఊళ్లలో "నొప్పుల సూది" పేరుతో పడేది చాలాసార్లు స్టెరాయిడ్. సాయంత్రానికల్లా లేచి నడుస్తారు కాబట్టి ఆ చెయ్యి మంచిదని పేరొస్తుంది. వారం తిరగకుండానే మళ్లీ నొప్పి, మళ్లీ సూది. మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, లోపల అణిగి ఉన్న టీబీ బయటపడొచ్చు. స్టెరాయిడ్ చెడ్డ మందని నేననను. ఎంత, ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గించాలి అని లెక్క చూసి ఇచ్చేవాళ్లు కావాలి. జ్వరం మీదున్నప్పుడు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేయడం ఇంకా ప్రమాదం. అది డెంగీ అయితే రక్తస్రావానికి దారితీయొచ్చు. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ చాలు.

పిల్లల సంగతి వేరే, అది ఇంకా భయపెడుతుంది. గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు వాస్తుంది, అది తగ్గి చీలమండకు పోతుంది. "ఎదిగే పిల్లలకు నొప్పులు మామూలే" అని వదిలేస్తారు. అది రుమాటిక్ ఫీవర్ కావచ్చు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీదికి లేచిన రక్షణ వ్యవస్థ, ఆ బ్యాక్టీరియాకూ మన ఒంటి కణాలకూ ఉన్న పోలిక వల్ల పొరపడి గుండె కవాటాలనే దెబ్బతీస్తుంది. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకే వస్తుంది. గొంతు ఇన్ఫెక్షన్‌కు మొదట్లోనే సరైన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడితే చాలావరకు ఆగేది. వచ్చాక మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెనిసిలిన్ సూది ఏళ్లపాటు పడాలి. అవసరమైన సూది దొరకడానికి తిరగాలి, అక్కర్లేని సూది మాత్రం వీధి మలుపులోనే దొరుకుతుంది.

ప్రతి జ్వరమూ ఇట్లా తిరగబడదు, ఎవరూ టెన్షన్ పడొద్దు. కానీ ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేస్తున్నారు కదా, అదే ఇంటికి మూడు నెలల తర్వాత మళ్లీ పోయి "కీళ్లు ఎట్లున్నయి?" అని అడిగే కాలమ్ ఒకటి ఎందుకు పెట్టరు? జిల్లా దవాఖానల్లో ఆ నొప్పులకు వారానికో ఓపీ నడపమని అడుగుతున్నాను. ఈలోపు ఇంట్లో ఎవరికైనా నొప్పులు వదలకపోతే, జ్వరం ఏ నెలలో వచ్చిందో, ఏ మందులు, ఏ సూదులు పడ్డాయో కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. కొన్నాళ్లుగా స్టెరాయిడ్ వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి, ఆ మాట కూడా డాక్టరుతో మొదటే చెప్పండి.