పొట్లం సరే, చిరునామా ఏది?

హైదరాబాద్‌లో ఆకలిగొన్న మనిషికి ఒక పూట అన్నం దొరకడం మరీ కష్టమేమీ కాదు. 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం ఉంది. గురుద్వారాల్లో లంగర్లు, దర్గాల దగ్గర పంపకాలు, శనివారం గుడి ముందు పులిహోర, పుట్టినరోజుకో పెద్దల తిథికో కార్లలో వచ్చి పంచిపోయే పొట్లాలు ఉన్నాయి. అన్నదానం మనకు ఎవరో నేర్పవలసిన విద్య కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వడ్డించిన డొక్కా సీతమ్మ గారి పేరునే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి భోజనానికి పెట్టుకుంది. ఇంతగా పెట్టే చేతులున్న నగరంలో, రాత్రి పది దాటాక అదే మనిషికి నడుం వాల్చే చోటు ఎందుకు దొరకడం లేదు? మన దాతృత్వం పూటతో మొదలై పూటతో ముగుస్తుంది కనుక. పొట్లాలకు పెట్టే ఖర్చులో సగమైనా నిరాశ్రయుల షెల్టర్లను నడుపుతున్న స్థానిక స్వచ్ఛంద సంస్థలకు నెలనెలా వెళ్లాలన్నది నా వాదన.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివారిని 17.7 లక్షలుగా తేల్చింది, వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లోనే ఉన్నారు. ఆహార హక్కుపై పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మనిషికి యాభై చదరపు అడుగుల చోటు ఉండాలన్న ప్రమాణం పెట్టింది. అప్పటికే 67 లక్షల జనాభా దాటిన హైదరాబాద్ లక్షకు ఒకటి అన్న లెక్కను అందుకోలేదు. ఉన్న కొద్దిపాటి షెల్టర్లకు జీహెచ్‌ఎంసీ భవనం చూపిస్తే, అమన్ వేదిక వంటి సంస్థలు వాటిని నడుపుతున్నాయి.

నడపడం అన్న మాటలో ఎంత పని ఉందో బయటివారికి సులభంగా అర్థం కాదు. మూడు షిఫ్టుల్లో కేర్‌టేకర్లు ఉండాలి. కేటరింగ్ పనికి వెళ్లి పెళ్లి భోజనాలు వడ్డించి రాత్రి ఒంటిగంటకు తిరిగొచ్చే కుర్రవాడికి తలుపు తీయాలి, తాగి వచ్చినవాణ్ణి గొడవ లేకుండా పడుకోబెట్టాలి, ఫిట్స్ వచ్చినవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలి, క్షయ ఉన్న మనిషి చేత కనీసం ఆరు నెలలపాటు క్రమం తప్పకుండా మాత్రలు మింగించాలి. నిలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు రిపోర్టుల ఫైలును తలకింద పెట్టుకుని, చెప్పులు పోకుండా పక్కబట్ట కింద దాచుకుని పడుకోవడం చూసినవారికి, గోడా తలుపూ ఉన్న ఒక గది విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ జాతీయ మిషన్ కింద కేంద్రం నిర్వహణ ఖర్చులో వాటా ఇచ్చింది ఐదేళ్ల వరకే. ఆ తరువాతి భారం మోయవలసింది రాష్ట్రం, నగరపాలక సంస్థ, వాటికి తోడు దాతలు. దాత సంగతి మనకు తెలియనిదా? గుడిలో ఫ్యాను ఇస్తే దాని రెక్క మీద పేరు రాయించుకోవచ్చు. రాత్రంతా మేలుకుని ఉండే కేర్‌టేకర్ జీతం మీద పేరు రాయించుకునే వీలు లేదు. అందుకే దుప్పట్లు వస్తాయి, బియ్యం బస్తాలు వస్తాయి, జీతానికి మాత్రం డబ్బు రాదు.

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని అనేవారున్నారు, ఉచితంగా చోటిస్తే సోమరులు తయారవుతారనేవారూ ఉన్నారు. మొదటి మాట నిజమే, కానీ ప్రభుత్వాన్ని నిలదీయడానికి కూడా ఆ మనుషులను పేరుపేరునా ఎరిగినవారు ఉండాలి, వారు ఈ సంస్థల్లోనే ఉన్నారు. రెండో మాట అనేవారు తెల్లవారుజామున లేబర్ అడ్డాకు వెళ్లి, పని కోసం నిలబడినవారిలో ఎందరు ముందురోజు రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకున్నారో విచారించడం మంచిది.

అసలు సంగతి వసతి కంటే లోతైనది. ఇల్లు లేని మనిషి మన రాజ్యానికి చాలావరకు కనిపించడు, కనిపించినప్పుడు అడ్డుగా కనిపిస్తాడు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీది మనుషులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అలా తరలించడానికి ఎవరి చిరునామా అడగవలసిన అవసరం రాలేదు. ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం మొదటి ప్రశ్న అదే. క్షయ రోగికి పోషకాహారం కోసం కేంద్రం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరులో నెలకు ఐదు వందల నుంచి వెయ్యి రూపాయలకు పెంచారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఖాతాకు ఆధార్ అడుగుతారు, ఆధార్‌కు చిరునామా కావాలి. ఎవరికి ఆ వెయ్యి అందరికంటే ఎక్కువ అవసరమో, ఆ మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. రేషన్ కార్డు, పింఛను దారి కూడా ఇంతే. సంక్షేమ పథకాల గురించి రెండు రాష్ట్రాల్లోనూ గంటల తరబడి ప్రసంగించే నాయకులు ఈ మెట్టు గురించి మాట్లాడగా నేను వినలేదు. చిరునామా లేనివారి ఓట్లు ఏ నియోజకవర్గం లెక్కలోకీ రావు కదా.

నిబంధనల్లో దారి లేకపోలేదు. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ నమోదుకు అంగీకరిస్తారు. ఓటు విషయంలో ఎన్నికల సంఘం ఇంకొక అడుగు ముందుకు వేసింది: ఇల్లు లేని వ్యక్తి దరఖాస్తులో తాను పడుకునే చోటు రాస్తే చాలు, నివాస పత్రం అక్కరలేదు, బూత్ స్థాయి అధికారి ఒకటి కంటే ఎక్కువ రాత్రులు అక్కడికి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రపోతున్నాడా లేదా అని చూసి నిర్ధారించాలి. ఎంత చక్కటి నిబంధన! కానీ ఆ వీధిలో ఎవరు ఏ అరుగు మీద పడుకుంటారో, వాన వస్తే ఏ ఫ్లైఓవర్ కిందికి మారతారో అధికారికి చెప్పగలిగినవాడు షెల్టర్ కేర్‌టేకర్ ఒక్కడే. మీ ప్రాంతంలో షెల్టర్ నడిపే సంస్థ ఏదో జీహెచ్‌ఎంసీ సర్కిల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లెక్కలు చూపించమనండి, చూపిస్తే బ్యాంకులో నెలవారీ చెల్లింపు ఏర్పాటు చేయండి, ఆ డబ్బు దుప్పట్లకు కాదు, కేర్‌టేకర్ జీతానికే వాడమని రాసివ్వండి.