బ్రేకుకు స్ప్రే కొట్టమన్న మహానుభావుడెవరో గానీ

"బ్రేకు వేస్తే గరగరమంటోందా? మెకానిక్కుకు డబ్బు తగలెయ్యకండి! ఈ ఆరు చిట్కాలు పదిమందికీ పంపండి." ఈ మెసేజ్ నాకు ఈ వారంలో రావడం ఇది నాలుగోసారి. పంపినవాళ్లంతా రోజూ కారు నడిపేవాళ్లే. ఆ పదిమందిలో ఎవరో ఒకరు నిజంగానే చేసేస్తారన్న భయంతో ఇది రాస్తున్నాను.

మొదటి చిట్కా: పొద్దున్నే మొదటి ఒకటి రెండు బ్రేకులకు శబ్దం వస్తే కంగారు వద్దు, తుప్పే. నిజమే. వాన కురిసినా, కారు కడిగి వదిలేసినా తెల్లారేసరికి చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కు మీద పల్చగా ఎర్రటి పొర కడుతుంది. నాలుగైదు బ్రేకులకు, డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. పది కిలోమీటర్లు పోయాక కూడా గరగర ఆగలేదంటే మాత్రం తుప్పు మీదికి నెట్టకండి.

రెండోది: మంచి కంపెనీ ప్యాడ్లయితే శబ్దమే రాదు. ఏ కంపెనీ ప్యాడ్ అయినా అరిగిపోతే వెనకున్న ఇనప రేకు డిస్కును గీకాల్సిందే. సరే, పదండి.

మూడోది చదివితే ఒళ్లు మండింది. "చక్రం కంతల్లోంచి డిస్కు మీద తుప్పు వదిలించే స్ప్రే గానీ, రెండు చుక్కల నూనె గానీ వెయ్యండి. శబ్దం మాయం!" అవును, మాయమే. శబ్దంతో పాటు బ్రేకు కూడా మాయం. కారు ఆగేదే ప్యాడ్ డిస్కును ఒరుసుకోవడం వల్ల. అక్కడ నూనె పడితే పెడల్ ఎంత తొక్కినా ప్యాడ్ జారుతుంది. ఒక చక్రానికే పడిందా, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి రెండో వైపుకు లాగేస్తుంది. పైగా ప్యాడ్ లైనింగ్‌లో, అంటే డిస్కును ఒరుసుకుని అరిగే పొరలో, సన్నటి రంధ్రాలుంటాయి, నూనె లోపలికి ఇంకిపోతుంది. పైపైన తుడిచినా, గరుకు కాగితంతో రుద్దినా, వేడెక్కగానే మళ్లీ పైకి ఊరుతుంది. ఇప్పటికే ఈ ఘనకార్యం చేసి ఉంటే కారు కదపకండి. డిస్కును బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా కడిగించి, ఆ ఇరుసుకు రెండు చక్రాల దగ్గరా ఉన్న ప్యాడ్లన్నీ పారేసి కొత్తవి వేయించండి. బ్రేకులో గ్రీజు పెట్టాల్సిన చోటు ఒకటుంది, ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు. దానికి కూడా బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు గ్రీజుకు రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. చిట్కా రాసినాయన బహుశా తలుపు బందులకు నూనె వేసిన అనుభవంతో ఇక్కడికొచ్చి ఉంటారు.

నాలుగోది: యాభై వేల కిలోమీటర్ల దాకా ప్యాడ్ల వంక చూడనక్కర్లేదు. ఈ లెక్క ప్యాడ్లకు ఎవరు చెప్పారో! ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్లలో తిరిగే బండికీ, హైవే మీద పోయే బండికీ అరుగుదల ఒకటి కాదు. కొత్త ప్యాడ్‌కు లైనింగ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు రేకు ఉంటుంది. లైనింగ్ అరగ్గానే అది డిస్కును తాకి కీచుమంటుంది. కీచుమన్నప్పుడు ఇంకా టైముంది. దాన్ని పట్టించుకోకుండా పాట సౌండు పెంచుకుంటే తర్వాత వచ్చేదే గరగర, అంటే లైనింగ్ అయిపోయి వెనక రేకు డిస్కును దున్నుతోందని. ఫోన్ లైటు వేసి చక్రం కంతల్లోంచి చూస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది గానీ, దాన్ని చూసి మురిసిపోవద్దు. స్లైడ్ పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడే ముందు అరిగిపోతుంది. చక్రం విప్పి రెండూ చూడాలి.

బ్రేకు తొక్కకపోయినా గరగర వస్తోందా? డిస్కుకీ దాని వెనక పల్చటి రేకుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. ఆ రేకును కాస్త వెనక్కి వంచితే రాలిపోతుంది. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ అదురుతూ గరగరమంటే అది చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్, దాని పని అది చేస్తోంది. కాలు తియ్యకండి.

ఐదోది: స్టీరింగ్ ముందు బ్రేక్ హెచ్చరిక లైటు వెలిగితే బ్రేక్ ఆయిల్ పోసేస్తే సరి. ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ బయటికి జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది, డబ్బాలో మట్టం దిగుతుంది. మీరు పోసింది ఆ హెచ్చరిక మీదే. రేపు కొత్త ప్యాడ్లు వేస్తూ పిస్టన్ వెనక్కి నొక్కితే అదంతా పొంగి పెయింటు తినేస్తుంది. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం దిగితే ఎక్కడో కారుతోంది, అది ఇంకా ప్రమాదం. అన్నట్టు, మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. పేరు చూసి ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి పైపుల దాకా మార్చాల్సి వస్తుంది. ఏ రకం పోయాలో మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది, చదవండి.

ఆరోది: ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలంటే అది దోపిడీ. ఇక్కడ మాత్రం ఆయనకు దండం పెట్టాలి, చాలాసార్లు నిజమే. గోరుకు తగలని సన్నటి గీతలకు డిస్కు పారెయ్యక్కర్లేదు. కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే ఉంటుంది. మార్చాలన్నవాణ్ణి మైక్రోమీటర్‌తో కొలిచి చూపించమనండి. వెర్నియర్ అయితే అంచున అరగని గట్టు మీద ఆని ఎక్కువ చూపిస్తుంది. కాకపోతే గరగరతోనే నెల రోజులు తిరిగిన బండికి ఈ వాదన చెల్లదు. రేకు దున్నిన డిస్కు చాలావరకు కొలతకు నిలవదు.

ఇంట్లోనే మార్చుకునేవాళ్లకు మెసేజ్‌లో లేని ఒక్క మాట. కొత్త ప్యాడ్లు వేశాక బండి కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లయినా తొక్కండి. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి తొక్కుకు పెడల్ నేలకు అంటుతుంది, బండి ఆగదు.