సవరణ: పక్కింటివాళ్ల సంతకాల సంగతి

హైదరాబాద్ నాగోలులో మా ఇంటి నిర్మాణ పర్మిషన్ గురించి మొన్న రాస్తూ, అప్లికేషన్‌కి ముందే పక్కింటివాళ్ల సంతకాలు తప్పనిసరి అన్నాను. అది తప్పు. తెలంగాణలో ఇళ్ల నిర్మాణ అనుమతులకు సంబంధించిన 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్‌తోనే (అంటే వివరాలు సరైనవేనని మనమే ధ్రువీకరిస్తే) అనుమతి వస్తుంది. పక్కవాళ్ల సంతకం అడగరు. నేను దాన్ని భూ వినియోగ మార్పుతో కలిపేశాను. నివాస స్థలాన్ని కమర్షియల్‌గా మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు (అదీ పేపర్లో వస్తుంది, మన గుమ్మానికి రాదు).

అయినా ప్లాన్ కాగితం పట్టుకుని పక్కింటి పిన్నిగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్లాన్ వైపు చూడనే లేదు. "మా ప్రహరీ పక్కన జేసీబీ పెట్టకు బాబూ, ఇప్పటికే బీటలు" అన్నారు. అందుకే ఆ ప్రహరీని ఆనుకున్న మూడడుగులూ కూలీలతోనే తవ్వించాం.