ఆర్ల్ అరీనాలో కాపురాలు

దక్షిణ ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు ఆర్ల్ పట్టణంలోని అరీనా (జనం చుట్టూ కూర్చుని పోరాటాలు చూసే రోమన్ల కాలపు గోదా) ముందు ఫోటో దిగి, "రోమన్లు ఎంత గట్టిగా కట్టారో!" అంటారు. నిజమే. కానీ అందులో కాపురం చేసినవాళ్లను తలచుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

రోమన్ల పనితనానికి వంక పెట్టలేం. క్రీ.శ. 90 ప్రాంతంలో కట్టిన ఈ అండాకార కట్టడం పొడవు 136 మీటర్లు, వెడల్పు దాదాపు 107. రెండు అంతస్తులు, ఒక్కో అంతస్తుకు 60 కమానులు. సుమారు 20 వేల మంది వచ్చినా తొక్కిసలాట లేకుండా లోపలికి, బయటికి వెళ్లేలా మెట్లు, నడవాలు అమర్చారు. పక్కనున్న నీమ్ పట్టణపు అరీనాలో నడవాల కప్పు గుండ్రటి కమాను. ఇక్కడ మాత్రం భారీ రాతి పలకలను అడ్డంగా పరిచారు. నాకు ఈ పలకలే ఎక్కువ నచ్చుతాయి, బరువంతా కళ్లెదుటే కనిపిస్తుంది కాబట్టి.

సామ్రాజ్యం కూలాక దాడుల భయంతో జనం ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. కమానులు మూసి, నాలుగు బురుజులు లేపి, దీన్ని కోట చేసుకున్నారు. లోపల 200కు పైగా ఇళ్లు, రెండు చిన్న చర్చిలు వెలిశాయి. ఆ క్రమంలో రాళ్లు కొన్ని పోయిన మాట వాస్తవమే. అయినా తన ఇంటికి ఆసరాగా నిలిచిన కమానును ఎవరు మాత్రం కూలుస్తారు? రోమ్ నగరంలోని కొలోసియం సంగతి చూడండి: 1349 భూకంపంలో కూలిన భాగం రాళ్లను కొత్త భవనాలకు తరలించుకుపోయారు.

19వ శతాబ్దం మొదట్లో పురాతన వైభవం మోజు పెరిగింది. 1825 నుంచి ఇళ్లన్నీ తీయించారు. 1830లో, ఫ్రెంచి సేనలు అల్జీర్స్‌ను పట్టుకున్న సంబరంగా, ఖాళీ అయిన ఆవరణలో ఎద్దుల ఆట పెట్టారు. మనుషుల్ని, జంతువుల్ని చంపి వినోదించిన స్థలం వారసత్వమైంది. వందల ఏళ్లు పిల్లాపాపలతో బతికిన ఇళ్లు అడ్డంకి అయ్యాయి. ఇళ్లు తీయకపోతే మనకు ఈ రూపం కనిపించేది కాదన్న వాదన ఉంది, దాన్ని కాదనను. ఒక వంతు ఇళ్లనైనా ఉంచి ఉండాల్సిందని మాత్రం అంటాను.

మూడు బురుజులు మిగిలాయి. ఈసారి వెళితే బురుజు ఎక్కండి, అది రోమన్లది కాదని పిల్లలకు చెప్పండి. నీమ్ అరీనాలోనూ ఇలాంటి ఊరే ఉండేది, దాన్నీ ఆ శతాబ్దంలోనే తీసేశారు. రైల్లో అరగంట దూరం. రెండూ ఒకే రోజు చూసి రావచ్చు.