పరీక్షా సంకరణం గారికి, గుంటూరులో ఓ డాబా మీది నుంచి

అయ్యా పరీక్షా సంకరణం గారూ,

ఇంటర్ బైపీసీలో తమరు, అంటే ఓ మొక్క అచ్చమైన జాతో కాదో జత కట్టి తేల్చే పద్ధతి, నాకు 2 మార్కుల ప్రశ్న. ‘అంతర్గత సమయుగ్మజంతో సంకరపరచుట’ అని ఒక్క ముక్క రాసి బయటపడ్డాను. ఆ ఒక్క ముక్కకు నా ఏడాది పడుతుందని అప్పుడు తెలియదు.

మా బావమరిది ఓ మిరప మొక్క తెచ్చిచ్చాడు. "బావా, అచ్చమైన జాతి. గింజ దాచుకుంటే తరతరాలూ కారమే" అన్నాడు. యార్డున్న ఊళ్లో ఇలాంటి మాటలకు కొదవేముంది? మిరపలో కారం ఉండాలా వద్దా అన్నది ముఖ్యంగా పన్1 అనే జన్యువు తేలుస్తుంది. ప్రతి మొక్కలో దానికి రెండు ప్రతులుంటాయి. కారం బహిర్గతం, అంటే ఒక్క ప్రతి ఉన్నా పైకి తేలుతుంది. చప్పదనం అంతర్గతం, అంటే రెండు ప్రతులూ చప్పవైతేనే బయటపడుతుంది. రెండూ కారం ప్రతులే ఉన్న అచ్చ మొక్కా, ఒకటి కారం ఒకటి చప్ప ఉన్న కల్తీ మొక్కా నాలుక్కి ఒకేలా మండుతాయి.

అందుకని తమరిని ఆశ్రయించాను. తమరి తీరే వేరు. కారం సంగతి తేల్చడానికి కారమే ఎరగని కాప్సికంతో జత కట్టమంటారు. దానికున్నవి రెండూ చప్పవే, దాచుకునేదేమీ లేదు. కనుక అవతలి మొక్క గుట్టంతా పిల్లల్లో రట్టవుతుంది. 1866లో అచ్చయిన వ్యాసంలో మెండెల్ బఠానీలతో ఇలాగే చేసి చూపించాడు. ఆయనకు మఠం తోట ఉంది. నాకు డాబా, ఆదివారాలు ఉన్నాయి.

విచ్చని మొగ్గలోంచి కేసరాలు పీకడానికి మా ఆవిడ కనుబొమల ప్లక్కర్ వాడాను. కాప్సికం పుప్పొడి అద్ది దారం కట్టాను. కాయ పండింది. కొరికితే చెవుల్లోంచి పొగలు. "అచ్చ జాతేరా!" అని బావమరిదికి ఫోన్ కొట్టాను. ఎమ్మెస్సీ చదివే మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, కాయ కండ తల్లిది. పిల్లలు గింజల్లో ఉన్నారు."

అంటే గింజ నాటి, పెంచి, మళ్లీ దాని కాయ కొరకాలి! 2 మార్కుల్లో ఈ మాట ఎవరు చెప్పారు?

8 కుండీలు పెట్టాను. వరుసగా 6 మొక్కలు కారం. మా మొక్క కల్తీదైతే పిల్లల్లో సగం చప్పవి రావాలి, కాబట్టి ఇలా జరగడానికి 64లో ఒక్క వంతే అవకాశం. బావమరిది స్వీట్లు కూడా తెచ్చాడు. ఏడోది కొరికితే సొరకాయ! వంద కారం పిల్లలు పుట్టినా తమరి అనుమానం పూర్తిగా తీరదు గానీ, ఒక్క చప్ప పిల్లతో కేసు కొట్టేస్తారే! ఎనిమిదోదీ చప్పే. సగం సగం రావాల్సింది 6, 2 ఏమిటని అడిగితే, 8 మొక్కలూ ఓ లెక్కేనా అంటారు.

"నీ సొంత మొక్క పుప్పొడే పడుంటుంది బావా" అన్నాడు వాడు. అచ్చ జాతికి సొంత పుప్పొడి పడితే చప్ప పిల్ల ఎలా పుడుతుందిరా అన్నాను. స్వీట్ల డబ్బా వెనక్కి తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మొక్క గుమ్మంలో పెట్టాడు. ఇది మాత్రం అచ్చమైనదట.

మా ఆవిడ ప్లక్కర్ దాచేసింది. తమరి దగ్గర స్పేర్ ఉంటే పంపగలరు.

ఇట్లు,
నాలుక మొద్దుబారిన తమ విధేయుడు