మామగారిలో చేప

మొన్న ఆదివారం మా మామగారి రిటైర్మెంట్ ఫంక్షన్ అయింది. మా ఆవిడ నాతో ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతోంది.

అసలు పుస్తకాలు అడిగింది ఆయనే. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. "2023లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేశారటగా అల్లుడుగారూ. అంతగా తీసేయాల్సింది అందులో ఏముందా అని ఉంది. మామూలు వాళ్లకి అర్థమయ్యేవి ఏవైనా చూసి పెట్టండి" అన్నారు. తెలుగులో కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి సైన్సు వ్యాసాలు ఎప్పుడో చదివేశారు. ఇక ఇంగ్లీషులో వెతకాలి.

డార్విన్‌తోనే మొదలుపెడదామనుకున్నాను. 1859 నాటి 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' తెరిస్తే మొదటి అధ్యాయంలోనే పెంపుడు పావురాలు. పేజీలకు పేజీలు పావురాలు. అచ్చుకి ముందు రాతప్రతి చదివిన ఒకాయన, మిగతాదంతా పక్కనపెట్టి ఒక్క పావురాల మీదే రాయమనండి, జనానికి పావురాలంటే ఇష్టం అని పబ్లిషర్‌కి సలహా ఇచ్చాడట. నాకు మాత్రం పావురాల దగ్గరే కునుకు పట్టింది.

తర్వాత 'ది బీక్ ఆఫ్ ది ఫించ్' నచ్చింది. గాలపాగోస్‌లో ఒక చిన్న దీవి మీద గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏటేటా పిట్టల ముక్కులు కొలిచిన కథ. 1977లో కరువొస్తే, గట్టి గింజలు పగలగొట్టగలిగే పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికి బయటపడ్డాయి. పిట్ట ముక్కు! ఎవరి మనసూ నొచ్చుకోని పేరు. వారం రోజులు "దారిలో ఉంది" అని చూపించి, ఫంక్షన్ ముందురోజు రాత్రి "మీ కోరిక మేరకు రద్దు చేశాం" అని మెసేజ్ పెట్టారు. నేనెప్పుడు కోరానో ఆ యాప్ వాళ్లకే తెలియాలి.

దాంతోపాటు తెప్పించిన మిగతా మూడు పుస్తకాలూ రంగుకాగితంలో చుట్టించి పట్టుకెళ్లాను.

మా బావమరిది చేతికి మైకు ఎవరిచ్చారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోవడం లేదు. గిఫ్టు చేతికిచ్చి, ఫోటోకి నవ్వి, భోజనాలకి పోవడం మన పద్ధతి. వాడు మాత్రం ఒక్కొక్కటీ విప్పి చూపిస్తానన్నాడు. ముందు తను తెచ్చిన వాచీ. వాళ్ల నాన్నగారి చేతికి కట్టి, ఫోటో సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ కట్టాడు. మామగారికి శుక్లం ఆపరేషనై పదిరోజులే. నల్లకళ్లద్దాలతో నిశ్చలంగా కూర్చున్నారు.

అప్పుడు నా ప్యాకెట్ చించాడు. ఊరి నుంచి వచ్చిన పెద్దలకి అర్థం కావాలని తెలుగు కూడా తనే చెప్పాడు.

"ది సెల్ఫిష్ జీన్! అంటే, స్వార్థపు వంశం! మన వంశానికి మా బావ కానుక!"

అందులోది జన్యువురా నాయనా, వంశం కాదు. ఆ స్వార్థం కూడా మనిషిది కాదు. 1976లో ఆ పేరు పెట్టిన డాకిన్స్, 30 ఏళ్ల తర్వాత 'అమర జన్యువు' అని పెట్టి ఉంటే బాగుండేదేమో అని తనే రాసుకున్నాడు. ఆ బుద్ధేదో ముందే పుట్టి ఉంటే, మావాడు "అమర వంశం" అని చదివేవాడు, హాలంతా చప్పట్లు కొట్టేది.

"ది బ్లైండ్ వాచ్‌మేకర్! అంటే గుడ్డి... వాచీ ఆయన."

హాలంతా వాచీ వైపు చూసింది. తర్వాత నల్లకళ్లద్దాల వైపు. తర్వాత నా వైపు. దారిలో వాచీ దొరికితే దాన్ని చేసినవాడు ఒకడుంటాడు కదా, జీవులకీ అంతే అని 1802లో పేలీ అనే మతగురువు రాశాడు. జీవుల్ని తీర్చిదిద్దేది ప్రకృతి వరణమే, అంటే పరిస్థితులకి తగినవే ఎక్కువగా బతికి బట్టకట్టడం, దానికి ముందుచూపు లేదు కాబట్టి గుడ్డిది అని ఈ పుస్తకంలో డాకిన్స్ జవాబు. శుక్లాలతో ఏ సంబంధమూ లేదు. ఇదంతా మూడో వరసలో నిలబడి చేతులతో సైగ చేసి చెప్పడం కుదరదు.

"యువర్ ఇన్నర్ ఫిష్! మీ లోపలి చేప!"

కోడిగుడ్డు ఉంటుందేమోనని బేకరీ కేకు కూడా ముట్టని మనిషి మా మామగారు. వెనక నుంచి పాత స్టూడెంటెవరో "ఎప్పట్నుంచి మాస్టారూ?" అని అరిచాడు.

ఇక లాభం లేదని వెళ్లి మైకు లాక్కున్నాను. 2004లో కెనడా ఉత్తరాన మంచు దీవిలో టిక్టాలిక్ అనే చేప శిలాజం దొరికిందనీ, దాని వయసు 37.5 కోట్ల ఏళ్లనీ, దాని రెక్కలో మన మణికట్టుని పోలిన ఎముకలున్నాయనీ, దాన్ని వెతికి పట్టిన వాళ్లలో ఒకాయనే ఈ పుస్తకం రాశాడనీ చెప్పాను. జనం వింటున్నారు. అక్కడ ఆపాల్సింది. "అంటే ఇప్పుడు మామగారు వాచీ కట్టుకున్నది ఒకరకంగా చేప మొప్పకేనన్నమాట" అన్నాను.

సైన్సు మాస్టారొకాయన లేచి "మొప్ప కాదండీ, వాజం, అంటే రెక్క" అని దిద్దారు. మిగతాదంతా బాగానే ఉన్నట్టు.

ఆరోజు భోజనంలో ఏం వడ్డించారో నాకు గుర్తులేదు.

నిన్న మామగారు ఫోన్ చేశారు. చేప పుస్తకంలో ఎక్కిళ్ల సంగతి దాకా వచ్చారట, బాగుందట. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. "అన్నట్టు అల్లుడుగారూ, ఆ వాచీ ఆగిపోయింది. వాచీల గురించి మీరు బాగా చదివినట్టున్నారు, కాస్త మార్పించి పెట్టండి" అన్నారు.

బిల్లు బావమరిది దగ్గరుంది. పొద్దున్నుంచీ చేస్తున్నాను, వాడు ఫోనెత్తడం లేదు.