సవరణ: సి-130జె రెక్క పైకెందుకు?

హైదరాబాద్ దగ్గరి ఆదిబట్ల విమాన భాగాల కర్మాగారం గురించిన మొన్నటి పోస్టులో కొన్ని మార్పులు. అక్కడ సి-130జె హెర్క్యులస్ అనే సైనిక సరుకు విమానం మొత్తం తయారవుతోందని రాశాం. అక్కడ తయారయ్యేది తోక భాగం. విమానాన్ని కూర్చేది అమెరికాలోని మారియెట్టాలో.

అసలు సవరించాల్సింది రెక్క సంగతి. ఎక్కువ బరువు లేపడానికే రెక్కను పైన పెట్టారని రాసింది తప్పు. రెక్క పైనుంటే రెండు వైపులనూ కలిపే దాని నడిమి పెట్టె సరుకు గదికి అడ్డురాదు, ప్రొపెల్లర్లకు రాళ్లు తగలవు, గది నేల కిందికి దిగుతుంది. చక్రాలు విమానం పొట్టకు పక్కనున్న ఉబ్బుల్లోకి ముడుచుకుంటాయి కాబట్టి గది నేల దాదాపు మీటరు ఎత్తులోనే, అంటే లారీ తొట్టి మట్టానికి వస్తుంది. అదే పాతకాలపు సరుకు విమానం డకోటాలో తోక నేలనానేది. ఏటవాలు నేల మీద, పక్క తలుపులోంచి సామాను తోయాల్సి వచ్చేది. సైన్యానికి కుదరని పని అది!

ఆ నడిమి పెట్టెకు, అంటే నడిమి రెక్కకు శ్రమ ఎక్కువ. గాల్లో దాని అడుగు రేకు ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది. 2019 ఆగస్టులో అక్కడి కింది అతుకులో పగుళ్లు కనిపించాకే అమెరికా వాయుసేన 123 హెర్క్యులస్‌లను తనిఖీ కోసం ఆపేసింది.

ఇంకొకటి: ఆరు పాలెట్లు (సరుకు పేర్చే పలకలు) పడతాయని రాశాం. అది పొట్టి రకానికి. మన వాయుసేనది పొడవు రకం, ఎనిమిది పడతాయి.